టెక్ సందేహాలు: పాత సీడీ ప్లేయర్‌కి అసలు గండం ఎడాప్టరే

ప్రశ్న (కావలి నుంచి): సెకండ్ హ్యాండ్‌లో పోర్టబుల్ సీడీ ప్లేయర్ కొన్నాను. మూత వేయగానే కాసేపు తిరిగి ‘నో డిస్క్’ అని చూపించి ఆగిపోతోంది. లెన్స్ మార్పించాలా?

ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. లెన్స్ జోలికి అప్పుడే వెళ్లకండి. ముందు ఏ డిస్క్ పెట్టి చూశారో చెప్పండి. ఇంట్లో రాసుకున్న సీడీ పెట్టి, పాడకపోయేసరికి ప్లేయర్ పోయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కంపెనీ ప్రెస్ చేసిన ఆడియో సీడీ తన మీద పడిన లేజర్ వెలుగులో 70 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. రీరైటబుల్ సీడీ పంపేది 15 నుంచి 25 శాతమే. 1990ల నాటి ప్లేయర్లలో చాలావాటికి ఆ వెలుగు చాలదు. ఒంటి మీద ఎంపీ3 అన్న గుర్తు లేని ప్లేయర్‌లో ఎంపీ3 సీడీ పెడితే అది పాడదు. కొన్ని మోడళ్లు ఒకటే ట్రాక్ చూపించి నిశ్శబ్దంగా తిరుగుతుంటాయి. అది రిపేరు కాదు. కాబట్టి గీతలు లేని, షాపులో కొన్న ఆడియో సీడీ ఒకటి పెట్టి చూడండి.

దానికీ ‘నో డిస్క్’ అంటే, డిస్క్ తిరుగుతోందన్న మీ మాట మంచి కబురే. చాలా మోడళ్లలో లెన్స్ రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడి, ఫోకస్ దొరికాకే మోటారు తిరగడం మొదలవుతుంది. అంటే మీ లేజర్ ఇంకా బతికే ఉంది. డిస్క్ లోపలి అంచున పాటల జాబితా ఉంటుంది, దాన్ని చదవలేక ఆగిపోతోందన్నమాట. కారణం చాలావరకు లెన్స్ మీది మసక. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి ఈ మసక త్వరగా పడుతుంది. ఏసీ గదిలో చల్లబడిన ప్లేయర్‌ని వరండాలోకి తెచ్చినా లెన్స్ మీద చెమ్మ చేరుతుంది. డిస్క్ తీసేసి, మూత తెరిచి ఒక గంట వదిలేస్తే ఆరిపోతుంది.

తుడిచే పద్ధతి ఇది. సెల్లులు తీసేయండి. కెమెరా షాపుల్లో దొరికే రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. దూది పుల్లని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొసకి మాత్రమే తడిపి (సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు), లెన్స్ మీద మధ్య నుంచి బయటికి సున్నాలా రెండు చుట్లు తిప్పండి. ఆ లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, నొక్కితే పక్కకి ఒరిగిపోయి ఇక నిలబడదు. గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాడితే ప్లాస్టిక్ లెన్స్ తెల్లబారుతుంది. పది నిమిషాలు ఆరనిచ్చి చూడండి.

మొదటి పాటలు బాగా వచ్చి చివరి పాటలు ఎగురుతుంటే లెన్స్‌ని అనుమానించకండి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది. లెన్స్ జరిగే కడ్డీ మీది పాత గ్రీజు గట్టిపడితే బయటి అంచు దాకా పోలేదు. ఆ గ్రీజు తుడిచేసి, ప్లాస్టిక్‌కి పడే తెల్ల లిథియం గ్రీజు అగ్గిపుల్ల కొసంత రాస్తే చాలు. కుట్టుమిషను నూనె వద్దు, అది పాకి లెన్స్ మీదికే వస్తుంది.

లెన్స్ దగ్గరి బుల్లి స్క్రూ తిప్పితే బాగవుతుందని చూపించే వీడియోలను నమ్మకండి. అది లేజర్‌కి వెళ్లే కరెంటు పెంచుతుంది. నాలుగు రోజులు పాడి లేజర్ పూర్తిగా కాలిపోతుంది. మూత దగ్గరి స్విచ్‌ని పుల్లతో నొక్కిపట్టి లోపలికి తొంగిచూడటం ఇంకా తప్పు. ఆ లేజర్ 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనబడదు, కంటికి మాత్రం దెబ్బ తగులుతుంది.

ప్రశ్న (ఒంగోలు నుంచి): ప్లేయర్‌తో ఎడాప్టర్ రాలేదు. పిన్ను సరిపోయిందని ఇంటర్నెట్ రౌటర్ ఎడాప్టర్ పెట్టాను. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు.

రౌటర్ ఎడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులవి. పోర్టబుల్ ప్లేయర్ అడిగేది చాలా మోడళ్లలో 4.5 వోల్టులు, కొన్నింటిలో 3, కొన్నింటిలో 6, తొలితరం వాటిలో 9. పిన్ను పట్టిందంటే కరెంటు కూడా సరిపోతుందని అర్థం కాదు. మీది తొందరపాటే, కానీ వేరువేరు వోల్టేజీలకు ఒకే కొలత సాకెట్ పెట్టి, దాని పక్కన చీమ తలకాయంత అక్షరాలు అచ్చేసి వదిలేసినవాళ్ల తప్పు మీకన్నా పెద్దది.

ముందు ఎడాప్టర్ తీసేసి రెండు కొత్త సెల్లులు వేసి చూడండి. పాడితే పోయింది ఎడాప్టర్ వైపు భాగమే, ఇకపై సెల్లులతోనే నడుపుకోండి. పాడకపోతే, సాకెట్ వెనక బోర్డు మీద చిన్న ఫ్యూజు ఉండే మోడళ్లున్నాయి, రిపేరు షాపులో అది చూడమనండి. ఫ్యూజు బాగుండి ఐసీ (చిప్పు) కాలి ఉంటే దాని మీద డబ్బు పెట్టొద్దు.

మిగతావాళ్ల కోసం: సాకెట్ పక్కన సున్నా లోపల చుక్క, దానికి అటూఇటూ ప్లస్, మైనస్ గుర్తులున్న బొమ్మ చూడండి. చుక్కకి కలిసిన గుర్తే పిన్ను లోపలి వైపుది. మల్టీమీటర్ ఎర్ర వైరు పిన్ను లోపల, నల్ల వైరు బయట ఆనించి కొలవండి. అంకె ముందు మైనస్ వస్తే ఎడాప్టర్ పొలారిటీ మధ్యలో మైనస్. బొమ్మతో పోల్చుకోకుండా పెట్టకండి. 3 నుంచి 12 వోల్టుల దాకా జరిపే స్విచ్ ఉన్న చవక ఎడాప్టర్లను 4.5 మీద పెట్టి, ప్లేయర్ తగిలించకుండా కొలిస్తే ఆరు, ఏడు వోల్టులు చూపించేవి ఉంటాయి. అవి వద్దు. ‘రెగ్యులేటెడ్’ అని రాసి, మీ ప్లేయర్ మీద రాసినన్ని వోల్టులే, 600 మిల్లీ ఆంపియర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చేది కొనండి. ఆంపియర్లు ఎక్కువైతే నష్టం లేదు, వోల్టులు ఎక్కువైతేనే ముప్పు. టైప్-సీ చార్జర్‌ని 9 లేదా 12 వోల్టులు అడిగేలా చేసిన కేబుళ్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. చూడటానికి మామూలు కేబుల్‌లాగే ఉంటాయి. ఇంట్లో ఒకటుంటే దాని మీద టేపు అంటించి వోల్టేజీ రాసి పెట్టండి.

సెల్లుల్లోనూ ఇదే ఉచ్చు ఉంది. 14500 అనే లిథియం సెల్లు అచ్చం పెన్‌సెల్లు సైజులోనే ఉంటుంది. నిండా చార్జ్ అయితే ఒక్కోటి 4.2 వోల్టులు, రెండు కలిస్తే 8.4. మామూలు పెన్‌సెల్లులు రెండూ కలిసి ఇచ్చేది 3 వోల్టులు. రీచార్జబుల్ కావాలంటే 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులే కొనండి. కొన్ని ప్లేయర్లు వీటికి ముందే ‘లో బ్యాటరీ’ అంటాయి, సెల్లు లోపం కాదది. లోపలే చార్జింగ్ చేసే ప్లేయర్ అయితే, మామూలు సెల్లులు ఉండగా ఎడాప్టర్ తగిలించకండి.

ప్రశ్న (నెల్లూరు నుంచి): నాన్నగారు నెట్ సెంటర్లో రాయించిన బాలు పాటల ఎంపీ3 సీడీలు ఉన్నాయి. లాప్‌టాప్‌లో కాపీ చేస్తుంటే యాంటీవైరస్ అడ్డు పడుతోంది. ఆపేసి కాపీ చేయవచ్చా?

వద్దు. ఈ వారం ఉత్తరాల్లో నాకు నిజంగా భయం పుట్టించింది ఇదే. ఆ రోజుల్లో నెట్ సెంటర్ కంప్యూటర్లలో వైరస్‌లు మామూలు. ఫోల్డర్ బొమ్మ తగిలించుకుని, ఫోల్డర్ పేరే పెట్టుకుని కూర్చునే ప్రోగ్రాములు పాటలతో పాటే సీడీలోకి ఎక్కేవి. ఒకసారే రాయగలిగే మామూలు సీడీలోంచి దేన్నీ చెరపలేం కాబట్టి ఏ యాంటీవైరస్ కూడా ఆ సీడీని శుభ్రం చేయలేదు. అడ్డుపడటమే అది చేయగలిగిన పని, దాన్నీ మీరు ఆపేస్తానంటున్నారు.

పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే ప్రోగ్రాము నడిచే ఏర్పాటును విండోస్ ఎప్పుడో తీసేసింది. సీడీలను మాత్రం ఆ కట్టడిలో చేర్చలేదు. ఇన్నేళ్లయినా ఆ కిటికీ తెరిచే ఉంచడం నాకు మింగుడుపడని విషయం. షాపులో కొన్న సీడీలన్నీ మంచివనీ అనుకోకండి. 2005లో ఒక పెద్ద సంగీత సంస్థ కాపీలను ఆపడానికని ఆడియో సీడీల్లో పెట్టిన సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ల కంప్యూటర్లో రహస్యంగా దాక్కుంది, దాని చాటున వైరస్‌లూ దాక్కున్నాయి. చివరికి ఆ డిస్కులు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

సీడీ పెట్టకముందే, విండోస్ 11 అయితే, సెట్టింగ్స్‌లో ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’లోకి వెళ్లి ‘ఆటోప్లే’ ఆఫ్ చేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’, తర్వాత ‘షో’, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెట్టండి. ఇది లేకపోతే పాట పేరు చివర ఎంపీ3 అని, దాని వెనక ఈఎక్స్ఈ (ప్రోగ్రాము అనే గుర్తు) అని ఉన్నా మీకు మొదటిదే కనబడుతుంది. ఫోల్డర్లను ఎత్తి కాపీ చేయకండి. డిటైల్స్ వ్యూలో ‘టైప్’ కింద ‘అప్లికేషన్’ అని ఉన్నదాన్ని ముట్టుకోకుండా పాటలను మాత్రం ఎంచుకోండి. ఆ కాలపు 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి సుమారు ఒక ఎంబీ ఉంటుంది, అయిదు నిమిషాల పాట 200 కేబీ ఉంటే అది పాట కాదు. ఏదైనా ఫైల్ నొక్కగానే ‘కోడెక్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అంటే అక్కడే మూసేయండి. వినడమే కావాలంటే పాత డీవీడీ ప్లేయర్‌లో పెట్టుకోండి, విండోస్ ప్రోగ్రాములు అందులో నడవవు.

ప్రశ్న (ఒంగోలు నుంచే మరొకరు): ఈ తలనొప్పి లేకుండా బ్లూటూత్ ఉన్న కొత్త పోర్టబుల్ సీడీ ప్లేయర్ ఏది కొనాలి? గీతలకి టూత్‌పేస్ట్ రాయవచ్చా?

టూత్‌పేస్ట్ వద్దు, కొత్త గీతలు పడతాయి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. బొమ్మ వైపు గీత పడి, వెలుతురుకి పెడితే సూదిబెజ్జాల్లా కనిపిస్తే ఆ డిస్క్‌కి మందు లేదు.

కొత్తవాటి సంగతి చెప్పాలంటే, నా అభిప్రాయం ఘాటుగానే ఉంది. పాత రూపం తొడిగి అమ్ముతున్న వీటిలో చాలావరకు లిథియం బ్యాటరీని లోపలే అంటించేస్తున్నారు. మన మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే అది ఉబ్బుతుంది, మార్చుకునే దారి ఉండదు. పాత ప్లేయర్‌కి రెండు పెన్‌సెల్లులు చాలు, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. ఆపిన చోటి నుంచి పాడటం పాతికేళ్ల కిందటి ప్లేయర్లకు వచ్చు, వీటిలో కొన్నింటికి రాదు. యాంప్లిఫయర్‌కి కలపడానికి ఉండే ‘లైన్ అవుట్’ను చాలావాటిలో తీసేశారు. సీడీలో ఉన్న నిండు శబ్దాన్ని బ్లూటూత్ కోసం మళ్లీ కుదించి పంపుతున్నారు.

పాతదే వెతకండి. లైన్ అవుట్ ఉన్నది, పెన్‌సెల్లులతో నడిచేది, అడుగున వోల్టేజీ రాత చెరిగిపోనిది చూసుకోండి. డబ్బులిచ్చే ముందు సెల్లుల అర మూత తీసి స్ప్రింగుల మీద తెల్లటి పొడి ఉందేమో చూడండి. కొద్దిగా ఉంటే నిమ్మరసం అద్దిన దూది పుల్లతో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. ఆకుపచ్చ మరక లోపలి వైర్ల దాకా పాకి ఉంటే వదిలేయండి. డెబ్బై నిమిషాలు దాటిన ఆడియో సీడీ ఒకటి వెంట తీసుకెళ్లి, చివరి పాట పూర్తిగా పాడించాకే బేరం ఆడండి.