రొయ్యల పట్టుబడికి ఇంకా నలభై రోజులు, జనరేటర్ ఇంజన్‌లో విరిగిన బోల్టు

ప్రశ్న: భీమవరం దగ్గర పల్లెలో రెండెకరాల వెనామీ రొయ్యల చెరువు చేస్తున్నాను. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను కాబట్టి ఎనిమిదేళ్లుగా జనరేటర్ పనులన్నీ ఇంటి దగ్గర నేనే చేసుకుంటున్నాను. మొన్న హెడ్ గాస్కెట్ మార్చి బిగిస్తుంటే ఒక హెడ్ బోల్టు పుటుక్కున విరిగి బ్లాకులోనే ఉండిపోయింది. తీద్దామని డ్రిల్ పెడితే బిట్ పక్కకు జారి మరలు పోయాయి. లేత్ షాపులో వారం పడుతుందనీ, 32,000 రూపాయలవుతుందనీ అన్నారు. అద్దె జనరేటర్‌కు రోజుకు 1,200. కొత్తదైతే వాయిదాల మీద 2.6 లక్షలు. మేత డీలరు మూడు రూపాయల వడ్డీకి అప్పు ఇస్తానంటున్నారు, పట్టిన సరుకు మాత్రం ఆయనకే వేయాలట. బ్యాంకులో 40,000, అమ్మాయి చదువు కోసం నా పేరున వేసిన 1.5 లక్షల డిపాజిట్, నా భార్య బంగారం 5 కాసులు ఉన్నాయి. చేజేతులా చేసుకున్నానని బాధగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఈ రాత్రి సంగతి చూడండి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే 60 రోజుల రొయ్య ఎంతసేపు తట్టుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అద్దె జనరేటర్‌ను ఇవాళే తెచ్చుకోండి. బేరం కోసం ఒక్క పూట కూడా ఆగవద్దు.

కొత్తది ఇప్పుడు కొనకండి. కంగారులో ఉన్న వారంలో 2.6 లక్షల నిర్ణయం తీసుకోవడం నాకు ఇష్టం లేదు. అయితే లేత్ షాపుకు డబ్బు కట్టేముందు బ్లాకుకు ప్రెజర్ పరీక్ష చేయించండి. మీ డ్రిల్ బిట్ ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల దారిలోకి దిగి ఉంటే మరలు కొత్తగా వేసినా లాభం ఉండకపోవచ్చు, అప్పుడు పాత ఇంజన్ ఒకటి వెతుక్కోవడమే మేలు. చిల్లూ పగులూ లేవని తేలితే నిశ్చింతగా రిపేరు చేయించండి.

ఇక డబ్బు. రిపేరుకు 32,000, ఎనిమిది రోజుల అద్దెకు 9,600, వెరసి 41,600. చేతిలో 40,000 ఉన్నాయి కదా అని వాటిని తీయకండి. రొయ్య పెరిగేకొద్దీ మేత ఖర్చూ పెరుగుతుంది. ఆ డబ్బు అయిపోతే మేత అరువుకు మళ్లీ ఆ డీలరు గుమ్మమే ఎక్కాలి.

డిపాజిట్‌ను రద్దు చేయకుండా దాని మీదే 45,000 అప్పు తీసుకోండి. సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం కలిపి తీసుకుంటారు. 9 శాతం అనుకున్నా రెండు నెలలకు 675 రూపాయలు. డీలరు దగ్గర మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, అదే రెండు నెలలకు 2,700. అసలు దెబ్బ ఇది కూడా కాదు. సరుకు ఆయనకే వేయాలన్న షరతు ఉందే, అక్కడ ఉంది. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) దగ్గర, ధర దగ్గర కిలోకు 5 రూపాయలు తగ్గినా రెండు టన్నులకు 10,000 పోతాయి. పట్టుబడి రోజున నలుగురు కొనుగోలుదారులను పిలిచి ధర అడిగే స్వేచ్ఛను 45,000 కోసం వదులుకోకండి.

బంగారం జోలికి వెళ్లవద్దు. వైట్ స్పాట్ తెగులు వచ్చి ముందే పట్టేయాల్సి వస్తే మీకు మిగిలే ఆసరా అదొక్కటే. వచ్చే పంటకు మాత్రం కిసాన్ క్రెడిట్ కార్డు కోసం బ్యాంకులో అడగండి. 2018-19 నుంచి చేపలు, రొయ్యల రైతులకూ ఇస్తున్నారు. 2 లక్షల వరకు 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది.

బాధ గురించి ఒక మాట. ఎనిమిదేళ్లు మెకానిక్ కూలి మిగుల్చుకున్నారు, ఒక్కసారి బోల్టు విరిగింది. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఆ మిగిలిన కూలి ఎక్కడుంది? ఇంటి ఖర్చుల్లో కలిసిపోయి ఉంటుంది. ఇకనుంచి మీరు సొంతంగా పని చేసిన ప్రతిసారీ, బయటివాళ్లయితే ఎంత తీసుకునేవారో అంత విడి ఖాతాలో వేయండి. అందులోంచి మొట్టమొదట, ఎంత బలంతో బిగిస్తున్నారో చూపే టార్క్ రెంచి ఒకటి కొనండి. స్పానరుకు పైపు తగిలించి బిగిస్తే ఎంత బలం పడుతుందో చేతికి తెలియదు. కొన్ని ఇంజన్లలో ఒకసారి విప్పిన హెడ్ బోల్టులు సాగిపోతాయి, మళ్లీ వాడకూడదు. కొత్త బోల్టుల ఖరీదు కూడా రిపేరు లెక్కలో రాసుకోండి.

పట్టుబడి డబ్బు రాగానే ముందు బ్యాంకు అప్పు కట్టేసి, డిపాజిట్ మీద బ్యాంకు పెట్టిన లీన్ (అప్పు తీరేదాకా ఉండే హక్కు) తీసేశారో లేదో రసీదులో చూసుకోండి.