కోడ్ రాదు, కంపెనీ నడపమంటున్నారు, ఇంట్లో నవ్వుతున్నారు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. ఎంబీఏ చేసి గుంటూరు వైపు ఒక విత్తనాల కంపెనీ మార్కెటింగ్‌లో 11 ఏళ్లు చేశాను. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక చిన్న స్టార్టప్‌కి మార్కెటింగ్ హెడ్‌గా వచ్చా, పంట ఫోటో పంపితే తెగులేంటో చెప్పే యాప్ వాళ్లది. ఇప్పుడు ఫౌండర్ నన్ను సీఈఓగా ఉండమంటున్నారు, టెక్నాలజీ తను చూసుకుంటారట. జీతం పెరగదు, షేర్లు ఇస్తారట. మావారు సాఫ్ట్‌వేర్‌లో టీమ్ లీడ్. మొన్న చుట్టాలొస్తే అందరి ముందు "ఒక్క లైను కోడ్ రాయడం రాదు, టెక్ కంపెనీకి సీఈఓ అంట" అని నవ్వేశారు. ఆఫీసులో ఇద్దరు సీనియర్ ఇంజినీర్లు ముఖం చాటేస్తున్నారు. పాపని ఎవరు చూస్తారని అత్తగారు. రాత్రి 11 దాటాక అందరూ పడుకున్నాక పైథాన్ (కోడ్ రాసే భాష) నేర్పే వీడియోలు చూస్తున్నా, బుర్రకెక్కట్లేదు. నేను అందర్నీ మోసం చేస్తున్నానా అనిపిస్తోంది. ఒప్పుకోనా, వద్దా?

జవాబు: ముందు ఆ పైథాన్ వీడియోలు ఆపేసి పడుకోండమ్మా. నేర్చుకోవడం తప్పని కాదు, మీరు నేర్చుకుంటున్నది పని కోసం కాదు, ఆ రోజు హాల్లో నవ్విన నవ్వుకి జవాబు చెప్పడానికి, అందుకే ఎక్కట్లేదు.

మీ ఉత్తరం చివర్లో ఒక సంగతి రాశారు, పైన వేసిన దాంట్లో అది పట్టలేదు, ఇక్కడ చెప్తా ఎందుకంటే నా జవాబంతా దాని మీదే ఉంది. 2021-22 సీజన్‌లో మిర్చి తోటల్ని నల్ల తామర పురుగు తినేసినప్పుడు మీరు విత్తనాల కంపెనీ తరఫున పురుగు మందుల షాపుల్లో కూర్చునేవారు, రైతులు ఆకులూ పూలూ ప్లాస్టిక్ కవర్లో తెచ్చి బల్ల మీద పోస్తుంటే షాపాయన ఒక పువ్వు తీసి తెల్ల కాగితం మీద టప్ టప్ అని తట్టి చూపించేవాడు, సన్నగా నల్లగా పురుగులు రాలి కదిలేవి. ఈ స్టార్టప్‌కి వచ్చాక చూస్తే వీళ్ల యాప్ ఆకు ఫోటో మాత్రమే అడుగుతోంది. పురుగు పువ్వులో దాక్కుంటుంది, ఆకు మాత్రమే అడిగితే ఎలా అని మీరే చెప్పి పువ్వు ఫోటోలు కూడా తీయించారు, ఎండలో స్క్రీన్ కనపడక టైప్ చేయలేకపోతున్న రైతులకి వాయిస్ మెసేజ్ కూడా పెట్టించారు. మీరు దీన్ని "చిన్న సజెషన్" అని రాశారు. అది చిన్నది కాదండీ, ఆ ఆఫీసులో ఎంత మంచి ఇంజినీర్ ఉన్నా ఆ బల్ల ముందు కూర్చోకుండా ఆ మాట చెప్పలేడు. మీ ఫౌండర్‌కి అది అర్థమైంది కాబట్టే అడుగుతున్నాడు, జాలిపడి కాదు.

మార్కెటింగ్ నుంచి వచ్చి టెక్ కంపెనీ నడపడం మీతో మొదలవ్వలేదు కూడా. సుసాన్ వొజిస్కీ చదివింది చరిత్ర, సాహిత్యం. గూగుల్ ఇంకా పసి కంపెనీగా ఉన్నప్పుడు 1999లో అందులో మొదటి మార్కెటింగ్ మేనేజర్‌గా చేరారు, 2014 నుంచి 2023 దాకా యూట్యూబ్ సీఈఓ. మెగ్ విట్‌మన్ సబ్బులూ డిటర్జెంట్లూ అమ్మే ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో బ్రాండ్ పనితో మొదలుపెట్టి 1998లో ఆన్‌లైన్ వేలాల కంపెనీ ఈబేకి సీఈఓగా వెళ్లారు, అప్పటికి అక్కడ ఉన్నది ముప్ఫై మంది చిల్లర. మన ఫణీంద్ర సామ సంగతి తిరగేసి చూడండి, ఆయన ఇంజినీర్, ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టాక ట్రావెల్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి సీట్లు మాకివ్వండి అని ఒప్పించుకోవాల్సి వచ్చింది, అది మార్కెటింగ్ పనే కదా. అటు నుంచి ఇటు రావడం తప్పు కానప్పుడు ఇటు నుంచి అటు వెళ్లడం మోసం ఎలా అవుతుంది.

అయితే తెలియాల్సినవి ఉన్నాయి, అవి వేరే. వంద ఫోటోల్లో మన యాప్ ఎన్ని తప్పు చెప్తోంది, తప్పు మందు కొడితే రైతుకి ఎకరాకి ఎంత పోతుంది, సర్వర్ల బిల్లు నెలకి ఎంత, రైతుల ఫోన్ నంబర్లూ ఫోటోలూ ఎక్కడ దాస్తున్నాం (2023లో పర్సనల్ డేటా చట్టం వచ్చింది, అది మీ కంపెనీకీ వర్తిస్తుంది). ఇవి అడగడానికి సిగ్గుపడకండి. ఆ ఇద్దరు సీనియర్లతో విడివిడిగా కూర్చుని "నాకు తెలీక నేను తప్పు నిర్ణయం తీసుకునే అవకాశం ఎక్కడుంది, నన్ను ఎక్కడ ఆపాలి" అని అడగండి. తెలిసినట్టు నటిస్తే ఇంజినీర్లు రెండు నిమిషాల్లో పట్టేస్తారు, తెలీదని చెప్పి అడిగితే గంటసేపు కూర్చుని చెప్తారు. అలాగే ఏ నిర్ణయం ఎవరిదో ఫౌండరే అందరి ముందు చెప్పాలి, మీ చేత చెప్పించకూడదు.

ఇక మీవారు. ఆయన నవ్వడం తప్పే, దాన్ని నేను సర్దిచెప్పను. కానీ ఆయన మాట నేను వినలేదు కాబట్టి ఈర్ష్య అనో అహం అనో ముద్ర వేయలేను. సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాలు పోతున్న రోజులు, ఇంటి లోన్ ఆయన పేరు మీద ఉందని కూడా ఉత్తరంలో రాశారు, భయాన్ని భయంగా చెప్పడం రాక వెటకారంగా చెప్పే మగవాళ్లని నా కౌన్సెలింగ్ గదిలో చాలామందిని చూశాను. అత్తగారు, పాప లేని టైమ్ చూసి కూర్చోండి, సీఈఓ అవ్వాలా వద్దా అనే టాపిక్ ఎత్తకుండా ముందు ఒక్కటే చెప్పండి: "ఆ రోజు అందరి ముందు మీరు నవ్వినప్పుడు నాకు చాలా చిన్నతనంగా అనిపించింది." అంతే, దానికి ఇంకేమీ తగిలించకండి, మీరెప్పుడూ ఇంతే అనే మాట అస్సలు వద్దు. ఆయన వెంటనే ఏమీ అనకపోవచ్చు, మౌనంగా ఉంటే ఉండనివ్వండి, ఆ మౌనాన్ని మీరు నింపకండి.

మర్నాడో ఆ మర్నాడో ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి లెక్క రాయండి. ఈఎంఐ, స్కూలు ఫీజు, ఇంటి ఖర్చు, ఒక్క జీతమే వస్తే ఎన్ని నెలలు లాగగలం. ఫౌండర్‌ని కూడా మొహమాటం లేకుండా అడగండి, బ్యాంకులో ఉన్న డబ్బు ఇంకా ఎన్ని నెలలు వస్తుందని. ఏడాది కన్నా తక్కువైతే నేనైతే కొత్త ఫండింగ్ వచ్చేదాకా ఆగమంటా. షేర్లంటే చేతిలో డబ్బు కాదు, మామూలుగా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా మీవవుతాయి, మొదటి ఏడాది నిండకుండా వదిలేస్తే ఏమీ రావు, ఈసాప్స్ (ముందే అనుకున్న ధరకి కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) అయితే వాటిని షేర్లుగా తీసుకున్నప్పుడు రూపాయి చేతికి రాకపోయినా టాక్స్ పడొచ్చు. డైరెక్టర్‌గా సంతకం పెట్టమంటే టీడీఎస్, పీఎఫ్ బకాయిలు ఏమన్నా ఉన్నాయేమో ఒక సీఏకి చూపించాకే పెట్టండి, కంపెనీ లోన్‌కి పర్సనల్ గ్యారంటీ మాత్రం ఇవ్వొద్దు.

అత్తగారిది సాధింపు అనుకోకండి, నిజంగానే ఆమె అడిగిందానికి జవాబు కావాలి, ఎందుకంటే సాయంత్రం స్కూలు బస్సు దగ్గర నిలబడేది ఆమే. ఏ రోజుల్లో మీరు ఎన్నింటికి వస్తారు, ఊళ్లకి వెళ్లినప్పుడు మీవారు ఏం చూసుకుంటారు, పనికి మనిషిని పెడతారా, ఇవి ఆమెతో కూర్చుని ఆమె కష్టం తగ్గేలా చెప్పండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నా, లెక్కలు కుదిరితే ఒప్పుకోండి.

ఇంకొక్కటి. మిర్చి పూతకొచ్చినప్పుడు ఒక ఆదివారం మీవారినీ పాపనీ తీసుకుని ఆ మందుల షాపుకి వెళ్లండి. ఆ షాపాయన పువ్వు తీసి తెల్ల కాగితం మీద తట్టడం మీవారు పక్కన నిలబడి చూడాలి.