పాఠకుల ప్రశ్నలు: తాతగారి వెండి పతకం

ప్రశ్న: మద్రాసు చిత్రకళా పాఠశాలలో విద్యార్థిగా మా తాతగారు పొందిన వెండి పతకం నల్లబడింది. చింతపండుతో తోమించవచ్చునా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తోమించకండి. గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిసి ఏర్పరచే సల్ఫైడు పొరే ఆ నలుపు. దానిని రుద్ది తీస్తే ఉబ్బెత్తు బొమ్మల పదునూ, చెక్కిన అక్షరాలూ కూడ అరిగిపోతాయి. మెరుపు కోసం పేరును పోగొట్టుకోవడం మా దృష్టిలో నష్టపు బేరమే. అంచును భూతద్దంతో పరిశీలించండి. విద్యార్థి పేరు, సంవత్సరం కొన్ని పతకాలకు అక్కడే చెక్కి ఉంటాయి. 1850లో అలెగ్జాండర్ హంటర్ స్థాపించిన ఆ పాఠశాలకు 1929లో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి అధిపతి అయ్యారు కనుక, సంవత్సరం దొరికితే తాతగారు అంతకు ముందువారో తరువాతివారో తేలుతుంది. దాచేటప్పుడు పీవీసీ సంచి, రబ్బరుబ్యాండు వాడకుండా, ఆమ్లం లేని కాగితంలో చుట్టండి.