ద్విపద రాస్తున్న కుర్రవాడికి

చిరంజీవికి,

నీ ద్విపద చదివాను. బావి గట్టు పాదాలు బాగున్నాయి. కానీ నీ ఉత్తరంలోని ఒక్క మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. 'ద్విపద అన్నది సంస్కృతం మాట కనుక ఛందస్సూ అక్కడిదే' అన్నావు. గుమ్మం మీది పేరు సంస్కృతంలో ఉంటే ఇంట్లోవాళ్లు కాశీ నుంచి దిగినట్టేనా?

రెండు పాదాలది కనుక ద్విపద. పేరు వరకు సరే. సంస్కృత వృత్తంలో ప్రతి గురువుకూ లఘువుకూ, అంటే బరువైన అక్షరానికీ తేలికైన అక్షరానికీ, చోటు ఖాయం. ద్విపద పాదానికి గణాల లెక్కలో మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం ఉంటే చాలు. గణమంటే అక్షరాల గుంపు: ఇంద్రగణానికి మూడో నాలుగో అక్షరాలు, సూర్యగణానికి రెండో మూడో. ఆరు ఇంద్రగణాల్లో ఏది ఎక్కడ వేసినా అడిగేవాడు లేడు. అది దేశి పద్ధతి. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యం బసవపురాణంలో అన్నది పైకి చదువు:

ఉరుతర గద్యపద్యోక్తులకంటె
సరసమై పరగిన జానుదెనుంగు

గొప్ప గద్యపద్యాల మాటలకంటె జానుతెనుగు, అంటే అందరికీ తెలిసే తేట తెలుగు, సరసమైనదని అర్థం. ఉరుతర, గద్యప, ద్యోక్తుల, కంటె: నలం, రగణం, భగణం, హగణం. మొదటి మూడూ ఇంద్రగణాలు, చివరిది సూర్యగణం. కింది పాదంలో నగం, నలం, భగణం, హగణం. వరస మారినా నడక చెడలేదు. రెండో అక్షరంలోని రకారం రెండు పాదాలనూ ముడివేసింది, అదే ప్రాస. జంట అన్నది ఆ ప్రాస కోసమే. కావ్యం వేల పాదాలు సాగుతుంది.

మా నాయనమ్మకు చదువు రాదు. రంగనాథ రామాయణం, అదీ ద్విపదే, ఆ పాదాలు పాడుతూ వడ్లు దంచేది. సరిగ్గా సూర్యగణం మీద రోకలి దిగేది. తోలుబొమ్మలాటవాళ్లకూ ఆ రామాయణమే ఆధారం. ఇంత ఉండగా పండితులు ద్విపదను ముసలి వేశ్యతో పోల్చి చాటువులు చెప్పుకున్నారు! నా కాలంలో ఒక వారపత్రిక సంపాదకుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. పాదాలు విరిచి వచన కవితగా సర్దితే అచ్చువేస్తానన్నాడు. ప్రాస కనబడితే పాతవాసన అట. కాగితాలు చంకన పెట్టుకుని బస్సెక్కాను. ఆ పత్రిక ఇప్పుడు లేదు, అది వేరే సంగతి.

నీ సూర్యగణాలు చూస్తే ఆ కోపమే మళ్లీ వచ్చింది. ప్రతి పాదం చివరా 'నేడు', 'వేగ', 'అంత'. గణం నిండింది, మాట చచ్చింది. పాదం ఊపిరి తీసుకునే చోటు అది. అక్కడే ఊక పోస్తే ఎలా? కాగితం మీద గురులఘువులు గుర్తుపెట్టుకుంటూ రాసేవాళ్లందరికీ ఇదే జబ్బు.

ప్రాస లేని ద్విపద, మంజరి, దాని సంగతి మరోసారి. ఊకపదాలన్నిటికీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి పంపుతున్నాను. అవి తీసేసి, మిగిలినవి గొంతెత్తి పాడి ఫోనులో పంపు. కాగితం మీద పంపితే చదవను.