టెలిస్కోప్ లేకుండా ఈ వారం మేడ మీద నుంచి ఏం చూడొచ్చు?

2026 ఫిబ్రవరి 18 నుంచి ఓ వారం పాటు పిల్లలకి గ్రహాలు, చంద్రుడు చూపించాలి, టెలిస్కోప్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. నేను ముందు కొన్నది అదే. పెట్టె మీద పెద్ద పెద్ద అంకెలు, లోపల వణికే స్టాండు. గురుడు కంటికి ఆనేలోపే జారిపోయేవాడు. ఆర్నెల్లకి అటకెక్కింది. తర్వాత తీసుకున్న 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మి.మీ. అద్దాల) బైనాక్యులర్స్‌నే ఇప్పటికీ వాడుతున్నా.

ఇంకోటి, ఇంట్లో పంచాంగం ఉంటే తీయండి. నేను ముహూర్తాలు చూసే మనిషిని కాను గానీ, తిథి అంటే సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడంగా జరగడమే. తిథి తెలిస్తే ఆ సాయంత్రం చంద్రుణ్ణి ఎక్కడ వెతకాలో తెలిసినట్టే.

18 సాయంత్రం విదియ. పొద్దుగూకిన అరగంటకి పడమటి దిక్కున, బాగా కిందికి, దారప్పోగంత నెలవంక. దానికి కాస్త పైన బుధుడు. మా నాయనమ్మ కొంగు అంచు నుంచి ఓ పోగు లాగి "చంద్రుడికో నూలుపోగు" అంటూ గాల్లోకి ఊదేది. ఆ రోజు దొరక్కపోయినా దిగులు లేదు, విదియనాడు కనపడని చంద్రుడు తదియనాడు తానే కనపడతాడు. పైగా 19న పక్కనే శని కూడా ఉంటాడు. వంకలో వెలగని భాగం కూడా బూడిదరంగులో లీలగా కనిపిస్తుంది చూడండి. అది మన భూమి మీద పడి అక్కడికి తిరిగి వెళ్లిన ఎండ.

అందరూ పౌర్ణమి కోసం ఆగుతారు, అదే పొరపాటు. ఆ రోజు ఎండ నిట్టనిలువుగా పడి నీడలుండవు, చంద్రుడు సున్నం కొట్టిన పళ్లెంలా ఉంటాడు. బైనాక్యులర్స్‌తో చూడాల్సింది వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర. 23న ఆ గీతకి దగ్గర్లో మూడు గుంటలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వాటిలో థియోఫిలస్ అడ్డుకొలత సుమారు 100 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా ఒకటే గుంట అనుకోండి. మొదటిసారి చూసినప్పుడు నాకు సగం నీడ పోసిన మూకుడు గుర్తొచ్చింది. 24న అష్టమి, సరిగ్గా సగం చంద్రుడు. ఈ రెండు సాయంత్రాలూ పిల్లలకోడి (కృత్తికలు) చుక్కల గుంపుకి అటొకరోజు, ఇటొకరోజు ఉంటాడు.

గురుడి కోసం తేదీ చూసుకోనక్కర్లేదు. చీకటి పడగానే తూర్పున బాగా పైకి, మిథునంలో, అన్నిటికన్నా కాంతిగా ఉంటాడు. తొమ్మిదికల్లా నడినెత్తికి వచ్చేస్తాడు, మెడ పట్టేస్తుంది. అందుకే ఏడింటికి, బైనాక్యులర్స్ పట్టుకుని మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూడండి. ఆలస్యమైతే చాపేసుకుని పడుకోండి. ఊపిరి బిగపడితే గురుడికి ఇరుపక్కలా సూది మొనల్లాంటి చుక్కలు, ఒక్కోసారి రెండు, ఒక్కోసారి నాలుగు. 1610లో గెలీలియో చూసిన ఉపగ్రహాలు అవే. పిల్లల చేత కాగితం మీద గీయించండి, మర్నాటికి చుక్కలు చోటు మారిపోయి ఉంటాయి. మా అమ్మాయి "నిన్న తప్పు గీశాను" అని రబ్బరు తీసుకుంది!

శని వలయాలు మాత్రం బైనాక్యులర్స్‌కి అందవు.

మార్చి 3న పౌర్ణమికి మళ్లీ మేడెక్కండి. చంద్రగ్రహణం సాయంత్రం 6:47కి విడుస్తుంది, మన దగ్గర చంద్రుడు అప్పటికే ఓ మూల కొరికినట్టుగా ఉదయిస్తాడు. తూర్పు వైపు చెట్లూ అపార్ట్‌మెంట్లూ అడ్డం లేని చోటు ముందే చూసి పెట్టుకోండి.