పులి గ్యారంటీ అన్నవాళ్లకు మిగతా పైసలు కట్టకండి

ప్రశ్న: మేడం, మాది నర్సంపేట. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా అమ్మాయి హన్మకొండలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. జంతువులంటే దానికి ప్రాణం, వైల్డ్‌లైఫ్‌లోనే ఉద్యోగం చేస్తానంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ప్రోగ్రాములు చూసింది. ఒకటి కవ్వాల్‌లో పది రోజుల ‘టైగర్ రీసెర్చ్ వాలంటీర్’. ఫీజు రూ.18,500, పులి కనబడటం గ్యారంటీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. సీటు ఆపడానికి మాకు చెప్పకుండానే రూ.2,000 ఫోన్‌పే చేసి, ఆధార్ కూడా పంపింది. రెండోది దక్షిణాఫ్రికాలో మూడు వారాలు తల్లిలేని సింహం పిల్లల్ని సాకడం. రూ.2.6 లక్షలు, విమానం ఖర్చు వేరు. పై చదువుకు పనికొస్తుందంటే బంగారం కుదువ పెట్టడానికైనా సిద్ధమే. ఇవి నిజమైనవేనా?

జవాబు: అమ్మా, బంగారం జోలికి పోకండి. ఈ రెండింటిలో దేనికీ ఇంకో రూపాయి కట్టొద్దు. ఎందుకో చెబుతాను, మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. రేపు ఇలాంటి మూడో ప్రకటన వస్తే తూచి చూసుకోవాల్సింది తనే.

ముందు కవ్వాల్ సంగతి. ‘పులి గ్యారంటీ’ అన్న మాట దగ్గరే నాకు విషయం అర్థమైపోయింది. 2012లో టైగర్ రిజర్వ్ అయినా, కవ్వాల్ కోర్ ప్రాంతంలో పులులు స్థిరంగా ఉండటం లేదు. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి వచ్చే పులులు ఎక్కువగా కాగజ్‌నగర్ అడవుల దగ్గరే ఆగిపోతున్నాయి. అడవిలో డ్యూటీ చేసే బీట్ ఆఫీసర్లకు కూడా పులి అడుగులు కనబడినంత సులువుగా పులి కనబడదు. పది రోజుల్లో చూపిస్తామని రాసిచ్చేవాళ్లకు కవ్వాల్ తెలియదు, లేదా మీకు తెలియదని వాళ్ల ధైర్యం.

కవ్వాల్ గురించే ఇంకో సంగతి, అనుమతి. అభయారణ్యంలోకి వెళ్లి వన్యప్రాణుల మీద అధ్యయనం చేయాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ కావాలి. హైదరాబాద్‌లోని అరణ్య భవన్‌లో ఆ ఆఫీసు ఉంది. నిజంగా పని చేసే సంస్థ దగ్గర ఆ కాగితం ఉంటుంది: ఏ డివిజన్, ఏ పని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, బాధ్యుడు ఎవరు. అడిగితే కాపీ పంపుతారు. దాన్ని పట్టుకుని సంబంధిత డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసుకు ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది. ‘డిపార్ట్‌మెంట్‌లో అందరూ మావాళ్లే మేడం’ అన్నారంటే కాగితం లేదనే లెక్క. కవ్వాల్‌లోని జన్నారం పోయి సఫారీకి పైసలు కట్టి అడవిలో తిరగడానికి ఎవరికైనా వీలుంది. మీ అమ్మాయికి 18,500కు అమ్ముతున్నది బహుశా ఆ సఫారీయే, మెడలో ఒక ఐడీ కార్డు తగిలించి.

అసలు పని ఎలా ఉంటుందో తెలిస్తే దొంగ పని దానంతట అదే బయటపడుతుంది. దేశమంతా నాలుగేళ్లకోసారి జరిగే పులుల లెక్కింపునే తీసుకోండి. తెల్లవారకముందే లేవాలి. ముందు మూడు రోజులు బీట్‌లో, అంటే ఒక్కో బీట్ ఆఫీసర్ చూసుకునే అడవి ముక్కలో, కాలిబాటల వెంట నడుస్తూ పాదముద్రలు, పెంటికలు, చెట్ల మీద గోళ్ల గీతలు వెతికి యాప్‌లో ఎక్కించాలి. తర్వాత రెండు కిలోమీటర్ల తిన్నని గీత మీద నోరు మెదపకుండా నడుస్తూ, దుప్పులో సాంబార్లో కనబడితే ఎన్ని ఉన్నాయి, ఎంత దూరంలో, ఏ కోణంలో అని రాసుకోవాలి. జంతువు ముందుకొస్తే వాటంతట అవే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లను బాటకు ఇటొకటి అటొకటి ఎదురెదురుగా కడతారు. పులికి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకేలా ఉండవు కాబట్టి రెండు వైపులా ఫొటో పడితేనే ఏ పులో గుర్తుపట్టొచ్చు. ఆ తర్వాత అసలు విసుగు మొదలవుతుంది. మెమరీ కార్డులు తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎక్కువగా వచ్చేది మేకలు, పశువులు, కట్టెలకు పోయేవాళ్లు, గాలికి ఊగిన గడ్డి. అన్నీ ఒక్కొక్కటిగా చూసి పేరు పెట్టాలి. ఈ లెక్కింపుకు వాలంటీర్లు కావాల్సినప్పుడు అటవీశాఖే పిలుస్తుంది, దానికి ఫీజు ఉండదు. ఎండాకాలంలో అయితే ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులకు నిప్పు పెడతారు కాబట్టి మంటలు పాకకుండా ఫైర్ లైన్లు (ఆకులు, గడ్డి ఊడ్చేసిన ఖాళీ దారులు) తీయడం, నీటి తొట్లు నింపడం, ఉచ్చులు వెతికి తీసేయడం లాంటి పనులుంటాయి. ఇందులో ఏదీ ఇన్‌స్టాగ్రామ్‌లో అందంగా పడదు.

అందుకే మీ అమ్మాయి ఎవరినైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ‘పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా నా పని ఏంటి?’ అని. రెండోది ‘నేను రాకపోతే ఏ పని ఆగుతుంది? నేను సేకరించిన లెక్కలు ఎవరు వాడతారు?’ అని. పని చేసేవాళ్లు ఈ ప్రశ్నలకు ఉత్సాహంగా జవాబిస్తారు, మీరు చాలు అనేదాకా చెబుతూనే ఉంటారు. మోసం చేసేవాళ్లు మళ్లీ సర్టిఫికెట్ దగ్గరికి, ‘ఇంకా రెండే సీట్లు’ దగ్గరికి తిరిగొస్తారు.

ఫీజు అడిగినంత మాత్రాన మోసమని నేను అనను. తిండి, వసతి, జీపు డీజిల్‌కు ఎవరైనా ఖర్చు పెట్టుకోవాలి కదా. దేనికెంతో విడగొట్టి చెప్పాలి, సంస్థ పేరున్న ఖాతాకు తీసుకుని రసీదు ఇవ్వాలి. మీ అమ్మాయి పంపిన స్క్రీన్‌షాట్ చూశాను, డబ్బు ఒక వ్యక్తి సొంత ఖాతాకు వెళ్లింది. ఇక సొసైటీ రిజిస్ట్రేషన్, ఎన్‌జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే ప్రభుత్వ పోర్టల్) నంబర్ లాంటివి సంస్థ కాగితం మీద ఉందని చెబుతాయి, అంతే. అవి చూసి భరోసా పడకండి. పేరున్న సంస్థల లోగోలు కూడా ఎత్తుకొచ్చి పెడుతుంటారు కాబట్టి, ప్రకటనలోని నంబర్ వదిలేసి ఆ సంస్థ అసలు ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఇంకొకటి, తల్లిగా మీరే అడగాల్సింది. పిల్లను రాత్రి ఎక్కడ ఉంచుతారు, పక్కన ఆడవాళ్లు ఎవరుంటారు, సిగ్నల్ లేకపోతే కబురెలా, పాము కరిస్తే విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రి ఎంత దూరం. అడవిలో పని చేయించే అలవాటున్నవాళ్లు వీటికి తడుముకోరు.

దక్షిణాఫ్రికా విషయం ఇంకా బాధాకరం. అక్కడ పని చూపించరనేం కాదు, చూపిస్తారు. పాలసీసా పట్టిస్తారు, ఒళ్లో పడుకోబెట్టుకోనిస్తారు. ఆ పిల్లలు తల్లిలేనివి ఎలా అయ్యాయన్నదే ప్రశ్న. ఆ దేశంలో వేల సింహాలను ఫారాల్లో పెంచుతున్నారు. పుట్టిన కొద్ది రోజులకే పిల్లల్ని లాగేస్తే తల్లి మళ్లీ త్వరగా ఎదకు వస్తుంది. అడవిలో అయితే పిల్లల్ని సాకుతూ రెండేళ్ల దాకా ఆగేది. పిల్లలుగా ఉన్నంతకాలం వాలంటీర్లు డబ్బు కట్టి సాకుతారు, కాస్త పెద్దయ్యాక టూరిస్టులతో నడిపిస్తారు. ఎదిగాక చాలావాటిని కంచె లోపలే డబ్బున్న వేటగాళ్లకు అమ్ముతారు, ఎముకలు ఆసియా మార్కెట్‌కు పోతాయి. మనుషుల చేతుల్లో పెరిగిన సింహాన్ని తిరిగి అడవిలో వదలలేరు, కాబట్టి ఇందులో సంరక్షణ అన్నదే లేదు. ఈ పెంపకాన్ని ఆపాలని అక్కడి ప్రభుత్వమే 2021లో ప్రకటించింది, కానీ వ్యాపారం ఇంకా పూర్తిగా మూతపడలేదు. అందరూ ఇంతే అనను, కానీ అడవి జంతువును ఎత్తుకోనిస్తాం, ముద్దు చేయనిస్తాం అన్న చోటికి మాత్రం వెళ్లొద్దు. మన దగ్గరైతే పర్మిట్ లేకుండా కొండచిలువను పట్టుకోవడం కూడా చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది. పాములు పట్టడం నేర్పుతామనే వీకెండ్ క్యాంపులకు కూడా ఇదే మాట.

మరి ఆ పిల్ల ఆశ ఏం కావాలి? మీ ఇంటి నుంచి పాకాల ఎంత దూరం? గణపతిదేవుడి కాలం నాటి చెరువు, చుట్టూ అభయారణ్యం, చలికాలంలో వలస పక్షులు. ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి పక్షులు లెక్కపెట్టి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్‌లో ఎక్కించమనండి, యాప్ ఉచితం. ఏడాది పాటు అలా చేస్తే తన పేరు మీద తేదీలతో సహా లెక్కలు ఉంటాయి, పరిశోధకులు వాడుకునే లెక్కలు. ఫిబ్రవరిలో జరిగే క్యాంపస్ బర్డ్ కౌంట్‌ను వాళ్ల కాలేజీలో తనే పెట్టించొచ్చు. సంస్థలతో కలిసి పని చేయాలంటే హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ కవ్వాల్, అమ్రాబాద్ టైగర్ రిజర్వుల్లో పని చేస్తోంది, పక్షుల కోసం డెక్కన్ బర్డర్స్ ఉన్నారు. సెలవుల్లో దూరం వెళ్లాలని ఉంటే చెన్నైలో విద్యార్థులు నడిపే సముద్ర తాబేళ్ల బృందం ఉంది. 1988 నుంచి సీజన్‌లో రాత్రిళ్లు బీచ్ వెంట నడిచి గుడ్లు సేకరించి, వాటిని భద్రంగా పొదిగించే హేచరీకి చేరుస్తున్నారు. నిద్ర చెడుతుంది, ఇసుకలో కాళ్లు లాగుతాయి, కానీ అసలు పని అది.

పై చదువు గురించి: డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో ఎమ్మెస్సీ ఉంది, బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్)లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది. రెండింటికీ ప్రవేశ పరీక్షలుంటాయి, పోటీ గట్టిది, ప్రతి ఏడాదీ చేర్చుకోకపోవచ్చు కాబట్టి నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచాలి. అక్కడ ఇంటర్వ్యూలో ఏం చూశావు, ఎలా లెక్కపెట్టావు, తప్పెక్కడ రావొచ్చు అని అడిగితే పాకాల లెక్కలు ఆదుకుంటాయి. పదిరోజుల సర్టిఫికెట్ ఆదుకోదు. ఇప్పటి నుంచే స్టాటిస్టిక్స్, మ్యాపులు గీయడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి. మన ఫారెస్ట్ కాలేజీ ములుగులో ఉంది కదా అని చాలామంది అడుగుతుంటారు. అది సిద్దిపేట జిల్లా ములుగు, మన మేడారం ములుగు కాదు. బస్సెక్కే ముందు చూసుకోండి.

ఇక కట్టిన రెండు వేలు. వాళ్లకు పర్మిట్ కాపీ పంపమని, లేదంటే డబ్బు తిరిగివ్వమని వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒక్కసారి అడగండి. ఆ పేజీ, చాట్, లావాదేవీ నంబర్ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి, బ్లాక్ చేస్తే మళ్లీ దొరకవు. ఆ రోజు గడిచేలోపు జవాబు రాకపోతే 1930కు ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి. ఈ ఫిర్యాదు ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది, నాన్చితే డబ్బు ఖాతాలు మారిపోతుంది. పంపిన ఆధార్‌తో ఎవరూ వేలిముద్ర వాడకుండా ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయించండి. పిల్లను మాత్రం తిట్టకండి. ఇంకో ప్రకటన వచ్చినప్పుడు తను ముందు మీకే చూపించాలి.