ఫొటో కింద ఏ పేరు రాయాలి?

సమస్య:
మా చెల్లి ట్రాన్స్ మహిళ; పుట్టినప్పుడు మగపిల్లాడనుకున్నాం, తను అమ్మాయిగా బతికింది. 26 ఏళ్లకే హత్యకు గురైంది. రెండేళ్లు దాటింది, కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది. హాల్లో ఇప్పటికీ తన పదో తరగతి ఫొటోనే ఉంది, కింద మేం పెట్టిన పాత పేరు. పేపర్లలో కూడా ఆ పేరే వేశారు. నవంబర్ 20న తనను తలచుకుంటున్నాం, ఇంట్లోవాళ్లు కూడా రండి అని తన స్నేహితులు పిలుస్తున్నారు. నాన్న మాత్రం "పోయిన పరువు చాలు, మళ్లీ ఎందుకు తవ్వడం" అంటున్నారు. అమ్మ నోరు విప్పదు. చెల్లిది ఆకుపచ్చ డ్రెస్ ఒకటి అమ్మ బీరువా అడుగున దాచుకుంది. అందరూ పడుకున్నాక తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఒక పెళ్లిలో బంధువులు చెల్లిని ఎగతాళి చేస్తుంటే నేను తలదించుకుని పక్కకు వెళ్లిపోయాను. అది నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఫొటో కింద ఏ పేరు రాయాలి? ఆ రోజు ఎలా జరపాలి?
- ఒక అన్న

సలహా:
ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా మీరు "చెల్లి" అనే రాశారు. పాత పేరు ఒక్కచోట కూడా రాయలేదు. అంటే ఫొటో కింద ఏ పేరు ఉండాలో మీకు తెలుసు, తను పెట్టుకున్న పేరే. ఇల్లు రెండుగా చీలకుండా ఆ పేరు రాయడం ఎలా అన్నదే ఇప్పుడు మీ ముందున్న ప్రశ్న.

స్నేహితులు చెబుతున్న నవంబర్ 20, హత్యకు గురైన ట్రాన్స్ మనుషుల సంస్మరణ దినం. ఆ తేదీ ఎలా వచ్చిందో ముందు తెలుసుకోండి. నాన్నతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. అమెరికాలోని బోస్టన్‌లో 1998 నవంబర్ 28న రీటా హెస్టర్ అనే నల్లజాతి ట్రాన్స్ మహిళను ఆమె ఇంట్లోనే పొడిచి చంపారు. అక్కడి పత్రికలు ఆమెను మగవాడిగా, పాత పేరుతో రాశాయి. ఆమెను ఎరిగినవాళ్లకు చావు ఒక దెబ్బ అయితే, ఆ రాతలు రెండో దెబ్బ. డిసెంబర్ 4న రెండు వందల మందికి పైగా కొవ్వొత్తులు పట్టుకుని ఆమె ఇంటి వరకు నడిచారు. గుమ్మం దగ్గర రీటా తల్లి మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన చేసింది. హంతకులెవరో ఇప్పటికీ తేలలేదు. రీటా గురించి మాట్లాడుకుంటున్నప్పుడు గ్వెండొలిన్ యాన్ స్మిత్ అనే మహిళ ఒక సంగతి గమనించింది. అదే ప్రాంతంలో 1995 నవంబర్ 20న హత్యకు గురైన షనెల్ పికెట్ ఎవరో మూడేళ్లకే తోటివాళ్లు కూడా మరిచిపోయారు. ఆ మరుపు భరించలేక స్మిత్ హత్యకు గురైన ట్రాన్స్ మనుషుల పేర్లు పోగుచేయడం మొదలుపెట్టింది. 1999 నుంచి ఏటా ఈ సంస్మరణ జరుగుతోంది, నవంబర్ 20 దానికి స్థిరపడింది. మీ నాన్నగారు అనుకుంటున్నట్టు ఎవరి పరువో తవ్వడానికి పెట్టిన రోజు కాదిది.

పేరు విషయంలో పట్టు ఎందుకంటే, లెక్కల్లో కూడా దానికి విలువ ఉంది. ట్రాన్స్ మర్డర్ మానిటరింగ్ అనే ప్రాజెక్టు ఏటా అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ప్రపంచంలో బయటపడిన ట్రాన్స్ మనుషుల హత్యలను నమోదు చేసి, నవంబర్ 20కి ముందు ప్రకటిస్తుంది. 2024లో ఆ సంఖ్య 350. ఇవి దొరికినవి మాత్రమే. పోలీసు కాగితాల్లో, వార్తల్లో, సమాధి మీద పాత పేరే ఉండిపోతే ఆ మనిషి ఏ పట్టికలోకీ ఎక్కకపోవచ్చు. అమెరికాలోని నెబ్రాస్కాలో 1993 డిసెంబర్ 31న హత్యకు గురైన బ్రాండన్ టీనా ట్రాన్స్ పురుషుడు. అతని సమాధి రాయి మీద పుట్టినప్పటి పేరు, "కూతురు, చెల్లి" అన్న మాటలు చెక్కారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా రాయి మీదో లోహం మీదో ఏదైనా చెక్కించాలనుకుంటే ఆపండి. అందరూ ఒక మాట మీదకు వచ్చేదాకా కాగితం మీద రాసి పెట్టుకోవడమే నయం.

ఇక నాన్న. పెద్దాయన పడుకున్నాక ఫొటో మార్చేసి, పొద్దున్నే చూసుకుంటారులే అనుకోవద్దు. బంధువుల ముందు, భోజనాల దగ్గర, నవంబర్ 19 రాత్రి ఈ మాట ఎత్తవద్దు. నలుగురిలో ఎత్తితే మంకుపట్టు పడతారు, తర్వాత దిగిరావాలనిపించినా దిగిరాలేరు. కనీసం నెల ముందు, మీరిద్దరే ఉన్నప్పుడు, ఒక్క కోరికే అడగండి. "నాన్నా, ఆ ఫొటో తీయను. పక్కన చెల్లి ఇష్టపడి దిగిన ఫొటో ఒకటి పెడతాను. మీరేమీ చెప్పక్కర్లేదు, కాదనకుండా ఉంటే చాలు." అక్కడితో ఆపేయండి. హక్కుల గురించి, సమాజం గురించి చెప్పాలనిపిస్తుంది, చెప్పకండి. ఆయన కోపం కింద భయం ఉండొచ్చు, బిడ్డను ఇంటికి రానివ్వలేదన్న బాధ ఉండొచ్చు. అది వాదనకు లొంగదు. కొత్త ఫొటో కింద మొదట పేరు లేకపోయినా ఫరవాలేదు. వెనక పెన్సిల్‌తో తన పేరు, పుట్టిన తేదీ రాయండి. పది రోజులు పోయాక మీరు ఆ పేరుతోనే మామూలుగా మాట్లాడండి: తన పేరు చెప్పి "ఈ పాట అంటే దానికి ప్రాణం" అన్నట్టు, సందర్భం వచ్చినప్పుడు. ఆయన పాత పేరే వాడితే ప్రతిసారీ సరిదిద్దకండి. మీ నోట మాత్రం మారకూడదు.

ఆ రోజును రెండుగా విడగొట్టండి. స్నేహితులు చేసే సభ వాళ్లది, వాళ్ల చేతుల్లోనే ఉండనివ్వండి. ఇంటివాళ్లు ఆలస్యంగా వచ్చి పెత్తనం తీసుకోవడం ఇలాంటి చోట్ల తరచూ జరిగే పొరపాటు. చివరి ఏళ్లలో తన జ్వరానికి మందు తెచ్చింది, అద్దె ఇల్లు వెతికి పెట్టింది వాళ్లే అయ్యుంటారు. "మేం ఏం చేయాలి?" అని అడగండి, చెప్పింది చేయండి. వాళ్లలో ఒకరిని అమ్మ పక్కన కూర్చోమనండి. మీకు తెలియని చెల్లి ఆ మనిషికి తెలుసు. అమ్మకు కావలసింది ఆ కబుర్లే.

ఇంట్లో చేసుకునేది చిన్నగా ఉండాలి. ఐదుగురు, మహా అయితే ఎనిమిది మంది. ముప్పావు గంట చాలు. అంతకు మించితే అమ్మ అలసిపోతుంది, మాటలు నెమ్మదిగా కేసు మీదకు మళ్లుతాయి. బల్ల మీద ఫొటో, గాజు గ్లాసులో ఒక కొవ్వొత్తి, కర్టెన్లకు దూరంగా. ముందుగా మీరు తన పేరు, వయసు, చేసిన పని చెప్పండి. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో జ్ఞాపకం, రెండు నిమిషాలకు మించకుండా. "చాలా మంచిది" అంటే ఎవరికీ మనిషి కనపడదు. "టీలో పంచదార మూడు చెంచాలు వేసుకునేది, వద్దంటే నాలుగోది వేసేది" అంటే గదిలోకి వచ్చి కూర్చుంటుంది. ఏడుపు వస్తే ఆపమని ఎవరూ అనకూడదు, ఊరుకోబెట్టడానికి ఎవరూ లేవకూడదు. చివర రెండు నిమిషాలు మౌనం. ఆ తర్వాత వెంటనే లేచి వెళ్లిపోకుండా అందరూ కలిసి ఏదైనా తినండి.

ఎలా చనిపోయిందో ఆ రోజు మాట్లాడవద్దని మాత్రం ముందే అందరికీ చెప్పండి. హింస వివరాలు వింటే ఆ దృశ్యం మనసులో నాటుకుంటుంది, తర్వాత తలచుకున్న ప్రతిసారీ నవ్వు ముఖానికి ముందు అదే వచ్చి నిలబడుతుంది. పైగా ఆ గదిలో, సభలో కూర్చున్న ట్రాన్స్ మనుషులకు అది గడిచిన కథ కాదు, తిరిగి వెళ్లేటప్పుడు దారిలో ఎదురుకావచ్చన్న భయం.

సభలో పేర్లు చదువుతారు. మిమ్మల్ని కూడా చదవమంటే కాగితం రెండు రోజుల ముందే అడిగి తీసుకోండి. ఒక్కో పేరుకు పది సెకన్లు ఇచ్చినా 350 పేర్లకు గంట పడుతుంది. అందుకే మనిషికి పదిహేను, ఇరవై చొప్పున పంచుకుంటే మేలు, లేకపోతే గొంతు అలసి చివరి పేర్లు పరుగులో పోతాయి. పలకడం తెలియని పేరుంటే ముందే అడిగి తెలుగులో రాసుకోండి. పట్టికలో "పేరు తెలియని వ్యక్తి" అని వస్తుంది, ఒకసారి కాదు. దాన్ని దాటేయకండి, అలాగే గట్టిగా చదవండి. ఆ మనిషికి ఎవరో ఒకరు పేరు పెట్టే ఉంటారు, ఇంకో పేరు తనే పెట్టుకుని ఉంటుంది.

ఫొటోలు తీసే ముందు ప్రతి ఒక్కరినీ అడగండి. వచ్చినవాళ్లలో తాము ట్రాన్స్ అని ఇంట్లో చెప్పుకోనివాళ్లు ఉంటారు. ఒక్క గ్రూపు ఫొటో వాళ్ల కొంప ముంచుతుంది. స్థలం, సమయం పిలిచినవాళ్లకే చెప్పాలి, బహిరంగంగా పెట్టవద్దు. కేసు నడుస్తోంది కాబట్టి నిందితుల పేర్లు, సాక్ష్యాల సంగతి సభలో ఎత్తకుండా ఉండటం కేసుకే మంచిది. మాట్లాడేది ముందుగా మీ లాయర్‌కు చూపించండి. కోర్టు కాగితాల్లో తను వాడిన పేరు కూడా చేర్పించే వీలుందా అని అదే రోజు అడగండి.

పేపర్లలో తప్పుగా వచ్చిందన్నారు. పాత వార్తలకు కూడా సవరణ అడగొచ్చు. ఎడిటర్‌కు ఒక పేజీ మించకుండా రాయండి: వార్త తేదీ, తప్పు వాక్యం, దాని కింద సరైన వాక్యం, మీరు ఏమవుతారో, వేయదగిన ఫొటో ఒకటి. తిట్టకండి. అందరూ దిద్దరు, కొందరు దిద్దుతారు. తీర్పు రోజు విలేకరులు మళ్లీ వస్తారు కాబట్టి తన పేరు, వయసు, "ఆమె" అని రాయాలన్న విన్నపం, తను చేసిన పని, మాట్లాడేవారి నంబరుతో ఐదు వరుసల కాగితం ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఆ రోజు అది రాసే స్థితిలో మీరుండరు.

అమ్మ దగ్గరున్న ఆకుపచ్చ డ్రెస్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలనిపిస్తోంది. రాత్రిపూట తీసి చూసుకోవడం జబ్బు కాదు, మాన్పించకండి. ఆ ఇంట్లో చెల్లిని చెల్లిగా తలచుకోవడానికి ఆమెకు మిగిలిన చోటు ఆ బీరువా ఒక్కటే. 1987లో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల కోసం అమెరికాలో ఒక పెద్ద బొంత కుట్టడం మొదలుపెట్టారు. ఒక్కో మనిషికి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గుడ్డ, దాని మీద పేరు. చాలామందికి సరైన అంత్యక్రియలు కూడా దక్కని రోజులవి. గుడ్డ మీద కుట్టిన పేరే వాళ్లకు గుర్తుగా నిలిచింది. మీ అమ్మకు ఇష్టమైతే, ఆమె అడిగితేనే, అరగజం తెల్లగుడ్డ, ఆకుపచ్చ దారం తెచ్చివ్వండి. తన పేరు ముందు పెన్సిల్‌తో రాసి, దాని మీద కుట్టుకోవచ్చు. డ్రెస్‌ను మాత్రం కత్తిరించవద్దు. తర్వాత అతకలేం. దాన్ని తరచూ ఉతకవద్దు కూడా, వాసన పోతుంది.

అమ్మకు ఇంకో తల్లి గురించి చెప్పండి. 1995 ఆగస్టులో వాషింగ్టన్‌లో టైరా హంటర్ కారు ప్రమాదంలో గాయపడింది. ట్రాన్స్ మహిళ అని తెలియగానే అత్యవసర సిబ్బంది ఒకరు వైద్యం ఆపి ఎగతాళి చేశాడు. టైరా ఆ రోజే చనిపోయింది. తల్లి మార్జీ కోర్టుకెక్కింది, 1998లో జ్యూరీ ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. కత్తి లేకుండా కూడా వివక్ష చంపుతుంది. ఆ సభల్లో చదివే పేర్లలో ఇలాంటివాళ్లను కూడా కలుపుకునేది అందుకే.

చివరగా మీ గురించి. చంపింది మీరు కాదు. పెళ్లిలో పక్కకు వెళ్లిపోయింది మాత్రం మీరే, "అదేం లేదులే" అని ఎవరన్నా మీ మనసు ఒప్పుకోదు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఒక కాగితం మీద చెల్లికి ఉత్తరం రాయండి: ఏం జరిగింది, మీరేం చేయలేదు, ఎందుకు భయపడ్డారు. క్షమించమని అడగొచ్చు. తన తరఫున జవాబు మాత్రం మీరు రాసుకోకండి. తర్వాత ఆ ఎగతాళి చేసిన బంధువు ఇంకోసారి అలాంటి మాట అన్నప్పుడు "మా చెల్లి గురించి అలా మాట్లాడవద్దు" అని ఒక్క వాక్యం అనండి. గొంతు వణికినా అనండి.

నిద్ర లేకపోవడం ఇంకా సాగుతుంటే డాక్టర్‌ను కలవండి. ఏడాది దాటాక కూడా దాదాపు రోజూ అదే తపన, పని చేయలేకపోవడం, తను లేదన్నది నమ్మలేకపోవడం ఉంటే దాన్ని దీర్ఘకాలిక శోకంగా గుర్తిస్తున్నారు, దానికి చికిత్స ఉంది. నవంబర్ 21, 22 తేదీల్లో చెల్లి స్నేహితులకు ఫోన్ చేయండి. సభ హడావిడి తగ్గాక ఒంటరితనం ఒక్కసారిగా మీద పడుతుంది. ఎవరి మాటల్లోనైనా బతకాలని లేదన్న ధోరణి కనిపిస్తే "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే సాయం అందేచోటికి తీసుకెళ్లండి.

ఒక్కటి మీరు రాయలేదు, చెల్లి పుట్టినరోజు ఎప్పుడో. సంస్మరణ దినం ఒక్కటే ఉంటే సరిపోదని అమెరికా ట్రాన్స్ కార్యకర్త రేచల్ క్రాండల్ 2009లో మార్చి 31ని బతికున్న ట్రాన్స్ మనుషుల రోజుగా మొదలుపెట్టింది. మీ ఇంటికి ఆ రెండో రోజు చెల్లి పుట్టినరోజే కావాలి. అమ్మను అడిగి, ఆ తేదీ దగ్గర క్యాలెండర్‌లో తన పేరు రాయండి. ఫొటో దగ్గర ఆలస్యమైనా ఫరవాలేదు, ఇక్కడ మాత్రం పెన్సిల్‌తో వద్దు, పెన్నుతోనే రాయండి.